రోత వేరు, దయ వేరు

ఆహారమును గూర్చి మాటలాడుట మన ఇండ్లలో కష్టమైన పని కాదు. మనము మాంసము ముట్టము, తరతరములుగా ముట్టలేదు. కనుక ఈ విషయమున మనము కొత్తగా నేర్చుకొనవలసినది ఏమియు లేదని నేనును చాల కాలము తలచితిని. 30 ఏండ్లుగా బడిలో తెలుగు పాఠములు చెప్పుచు, భూతదయను గూర్చి పిల్లలచేత ఎన్నియో వ్యాసములు వ్రాయించిన వాడను. అట్టి నన్ను ఒక సముద్రపు జీవి, అదియు సముద్రమునకు ఎంతో దూరమున నున్న మా మలక్‌పేట ఇంటిలో, సమాధానము తోచని ప్రశ్న యొక్కదాని ముందు నిలబెట్టినది. ఆ ప్రశ్నను చదువరుల ముందుంచుటయే నా ఉద్దేశము.

మా తమ్ముని కుమారుడు హోటలు పనికి సంబంధించిన చదువు ముగించుకొని, నగరములోని ఒక పెద్ద హోటలు వంటశాలలో ఉద్యోగమునకు చేరెను. ఉద్యోగము దొరకినదని ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. అక్కడ ఏమి వండుదురని ఎవరమును గట్టిగా అడుగలేదు. అడిగినచో చెప్పవలసి వచ్చునని వాడును చెప్పలేదు. ఒక ఆదివారము సాయంకాలము అందరము కూర్చుండి యుండగా, వాడు తన ఫోనులో ఒక బొమ్మ చూపెను. అది లాబ్‌స్టరు. సముద్రపు రాళ్ళ సందులలో నివసించు పెద్ద రొయ్యజాతి జీవి. వాని రెండు చేతులలోను పట్టనంత పొడవుగా నుండెను. నీలము, ఆకుపచ్చ కలిసిన పెంకు, దానిపై మచ్చలు, ఒడలి కంటె పొడవైన రెండు మీసములు, కాడలపై నిలిచిన కన్నులు, లెక్కపెట్టబోయినచో తడబడునన్ని కాళ్ళు.

"శివశివా! ఇదేం పురుగు బిడ్డా! దీన్ని గూడ తింటరా?" అని మా తల్లి ముఖము త్రిప్పుకొనెను. నేనును అట్లే త్రిప్పుకొంటిని. కొంతసేపటికి వాడు మెల్లగా, "తింటరు నాయనమ్మా. ప్రాణంతోనే వస్తది. మరిగే నీళ్ళల్ల వేసేది నేనే" అనెను. ఇల్లంతయు నిశ్శబ్దమయ్యెను. మా మరదలు కంట నీరు పెట్టుకొని, "రేపు పొద్దున ఆ చేతుల్ల లింగాన్ని ఎట్ల పెట్టుకుంటవురా?" అనెను. అందరును నా వైపు చూచిరి. ఇంటికి పెద్దవాడను, పదిమందికి పాఠము చెప్పువాడను. "ఆ ఉద్యోగమున ఉన్నంత కాలము పూజకు కూర్చుండకుము" అంటిని.

వాడు ఎదురు చెప్పలేదు. వీధి వాకిలి వరకు పోయి, మరల వచ్చి ఒక్క మాట అడిగెను: "పెద్దనాన్నా, దాన్ని చూసినప్పుడు మీకు జాలి కలిగిందా, రోత పుట్టిందా?"

నాకు సమాధానము తోచలేదు. నిజము చెప్పవలెనన్నచో, కలిగినది రోతయే. ఆ జీవి మరిగే నీటిలో పడునన్న మాట విన్న తరువాత కూడ నా మనస్సున మెదలినది దాని బాధ కాదు; దాని కాళ్ళు. ఆ రోతకు ధర్మమని పేరు పెట్టి, దాని బలముతో ఒక పిల్లవానిని పూజకు దూరము చేసితిని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాటి నుండి ఆ జీవిని గూర్చి తెలిసికొన మొదలిడితిని. తెలియని దానిపై తీర్పు చెప్పరాదని పిల్లలకు చెప్పువాడను గదా!

తెలిసికొన్న కొలది ఆశ్చర్యము పెరిగినది. మనము చూచు చెరువు రొయ్య వ్రేలెడు పొడవుండును. లాబ్‌స్టర్లలో కొన్ని జాతులు మనుష్యుని ఎత్తులో సగమునకు మించి పెరుగును. 1977లో కెనడా దేశపు నోవా స్కోషియా తీరమున పట్టుబడిన ఒక లాబ్‌స్టరు 20 కిలోలకు పైగా తూగినది. దాని పొడవు ఒక మీటరును మించినది. రెండవ తరగతి పిల్లవాడు అంత బరువుండును! ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవి వాగులలో, మంచినీటిలో పెరుగు దాని దూరపు బంధువు ఒకటి కలదు. ఒకప్పుడు అది 6 కిలోల వరకు పెరిగెడిది. ఆడజీవి పిల్లలను కనుటకు సుమారు 14 ఏండ్లు ఆగవలెను. అంత మెల్లగా పెరుగు జీవిని మనుష్యులు అంత వేగముగా తినివేయుచుండుటచే, 1998లో దానిని పట్టుట నిషేధింపబడినది.

మన తెలుగు సముద్రమున కూడ ఈ జాతి కలదు. విశాఖపట్నము, భీమునిపట్నము ప్రాంతముల రాతి తీరములలో వలలకు చిక్కును. మా వాడు చూపినదియు ఈ విధమైనదే. వీనికి పాశ్చాత్య జాతికి ఉన్నట్టి పెద్ద పట్టుకాళ్ళు ఉండవు. ఒడలెల్ల ముండ్లు, పొడవైన మీసములు, వీనికి అవియే ఆయుధములు. పిల్లవి పట్టకుండుటకై, కనీసపు బరువు లేని వానిని ఎగుమతి చేయరాదని భారత ప్రభుత్వము 2003లో నియమము చేసినది. ఒక జాతికి 200 గ్రాములు, మరియొక జాతికి 500 గ్రాములు అను విధముగా జాతి జాతికి హద్దు పెట్టినది. నదులలోను, కొల్లేటిలోను పెరుగు మంచినీటి రొయ్యలలో పెద్దది ఒకటి కలదు. పెరిగిన మగ రొయ్య అడుగు పొడవుండును. దాని పొడవైన పట్టుకాళ్ళు నీలి వన్నెగా నుండును. దానికి మన కృష్ణా గోదావరి మండలముల వారు ఏమని పేరు పెట్టిరో తెలియునా? నీలకంఠ రొయ్య! లోకమును కాచుటకు విషము మ్రింగిన వాని పేరు. ఆ పేరు విన్నపుడు నాకు నవ్వు రాలేదు. నేను ముఖము త్రిప్పుకొన్న కుటుంబపు జీవిలోనే మరియొకడు తన దేవుని పేరు చూచినాడు గదా అనిపించినది.

ఇక దాని దేహనిర్మాణము మరింత విచిత్రము. దాని రక్తములో మనకున్నట్లు ఇనుము గాక రాగి ఉండును. కనుక గాలి సోకినపుడు రక్తము నీలి ఛాయ పొందును. దాని దంతములు నోటిలో లేవు, కడుపులో నున్నవి. మూత్రము తల ముందు భాగము నుండి విసర్జించును. రుచిని కాళ్ళతో చూచును. గుండె వీపు వైపు, నాడీసూత్రము కడుపు వైపు ఉండును. మనకున్నట్లు ఒకే పెద్ద మెదడు గాక, తల మొదలు తోక వరకు నాడీగ్రంథులు గొలుసుగా నుండును. పెరుగవలెనన్నచో పాత పెంకును నిలువునా విడిచి, మెత్తని ఒడలితో కొన్నాళ్ళు రాతి సందున దాగియుండవలెను. మన తీరపు జాతులలో గ్రుడ్డు నుండి వెడలిన పిల్ల పలుచని ఆకువలె, గాజువలె పారదర్శకముగా నుండి, నెలల తరబడి సముద్రముపై తేలియాడును. అది పెరిగి ఈ ముండ్ల జీవి యగునని చూచినవారు నమ్మజాలరు.

ఇంత వింత జీవిని చూచి మనకు రోత పుట్టుట సహజమే. కాని ఆ రోత దాని ఒడలిలో ఉన్నదా, మన కంటిలో ఉన్నదా? లాటిను భాషలో మిడతకును లాబ్‌స్టరునకును ఒకే పేరు. నేలమీది మిడతను చూచిన కన్ను నీటిలోని దానిని కూడ మిడతగానే చూచినది. అమెరికా ఈశాన్య తీరమున 17వ శతాబ్దమున ఇవి కొల్లలుగా దొరకెడివి. అప్పుడు అది పేదల తిండి, సేవకుల తిండి. తినుట చిన్నతనముగా నుండెడిది. 19వ శతాబ్దమున డబ్బాలలో నింపి దూర దేశములకు పంపుట, రైళ్ళ రాకపోకలు పెరుగుట జరిగినవి. సముద్రము నెరుగని ఊళ్ళవారు దానిని కొత్త రుచిగా కొనిరి. దొరకుట తగ్గినది, ధర పెరిగినది. పేదవాని తిండి ధనవంతుల విందులో కిరీటమయ్యెను. ఈ మధ్యలో లాబ్‌స్టరు మారలేదు. దాని కాళ్ళు అవియే, కన్నులు అవియే. మారినది మనుష్యుని మనస్సు. ఒకనాడు రోతపడినవాడును, నేడు లొట్టలు వేయువాడును, ఇద్దరును దానిని చూడనేలేదు. ఒకడు తన అసహ్యమును చూచినాడు; ఒకడు తన గొప్పను చూచినాడు.

ఇచ్చట నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. చాల ఏండ్ల క్రిందట, నేను ఉద్యోగమున కొత్తగా చేరిన దినములలో, మా తరగతిలో ఒక బాలుడు ఉండెను. వాని తండ్రి చేపలు అమ్మెడివాడు. మధ్యాహ్నము వాడు గిన్నె మూత తీయగానే తక్కిన పిల్లలు ముక్కు మూసుకొనెడివారు. ఒకనాడు నేనే వానిని పిలిచి, "నీవు ఆ వరండా చివర కూర్చొని తిను" అంటిని. గొంతు పెంచలేదు, కోపపడలేదు. మర్యాదగానే చెప్పితినని అప్పుడు అనుకొంటిని. వాడు ఆ సంవత్సరమంతయు వరండా చివరనే తినెను. ఒక్కనాడును ఎదురు చెప్పలేదు. మా తమ్ముని కుమారుడు ఎదురు చెప్పక వాకిలి వరకు నడచినపుడు, ఆ బాలుని వీపు నాకు జ్ఞాపకము వచ్చినది.

రోత చేయు మొదటి అపకారమిదే. అది తినబడు జీవిపై నిలువదు, తినువానిపైకి ప్రాకును. "ఎట్లు తిందురో" అని మొదలగును, "ఎట్టివారో" అని ముగియును. 12వ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుని చుట్టును చేరినవారు ఎవరు? పడవ నడపు చౌడయ్య యున్నాడు, తోలు పదును పెట్టు కక్కయ్య యున్నాడు, చెప్పులు కుట్టు హరళయ్య యున్నాడు. వారి చేతుల వాసన చూచి వారిని వరండా చివర కూర్చుండబెట్టినచో అనుభవ మంటపమే ఉండెడిది కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఉడుమూరి కన్నప్ప కథకు చోటిచ్చెను. మాంసము నైవేద్యముగా తెచ్చిన బోయవానిని శివుడు స్వీకరించిన కథ అది. ఆ కథ మాంసాహారమునకు అనుమతి పత్రమని నేననుట లేదు. అది మనవంటి వారికి హెచ్చరిక యని మాత్రము అనుచున్నాను. భక్తుని చేతిని చూచి భక్తిని కొలువరాదు.

రోత చేయు రెండవ అపకారము ఇంతకంటె సూక్ష్మమైనది. అది ఆ జీవికి అందవలసిన జాలిని అడ్డగించును. లేగదూడ కన్ను చూచినచో ఎవనికైనను మనసు కరగును. కుందేటిపిల్లను చూచినచో చేయి చాచుదుము. అది మన వంటి కన్ను, మన పిల్లల వంటి మెత్తదనము. లాబ్‌స్టరునకు రెప్పలు లేవు, అరపు లేదు, ముఖము లేదు. బాధ కలిగినను మనకు తెలియు భాషలో చెప్పజాలదు. కనుక దానికి బాధ లేదని లోకము చాల కాలము నిశ్చింతగా నమ్మినది. అందమైన దానిపై మాత్రమే ప్రసరించునది దయ కాదు, అభిరుచి.

మరి నిజముగా దానికి బాధ కలదా? ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున క్వీన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్ట్ ఎల్‌వుడ్ అను శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నను పరీక్షించెను. లాబ్‌స్టరునకు చుట్టమైన సన్న్యాసి పీత ఖాళీ శంఖములలో కాపురముండును. శంఖములోనికి స్వల్పమైన విద్యుత్తు ప్రసరింపజేసినపుడు ఆ పీతలు ఏమి చేయునో ఆయన చూచెను. 2009లో ప్రకటింపబడిన ఫలితము ఆలోచింపదగినది. తమకు అంతగా నచ్చని శంఖములో నున్నవి త్వరగా విడిచి పోయినవి. నచ్చిన శంఖములో నున్నవి ఓర్చుకొని నిలిచినవి. నిప్పు తగిలిన వ్రేలు తనంత తాను వెనుకకు వచ్చుట వేరు. ఇల్లు మంచిదా, బాధ పెద్దదా అని తూచుకొనుట వేరు. ఇందు తూకము కనబడుచున్నది. తూచు చోట ఏదో ఒక అనుభవము ఉన్నదని తలచుట అన్యాయము కాదు.

ఇట్టి పరిశోధనల ఫలితముగా దేశములు కదలినవి. న్యూజిలాండు 1999 నాటి తన చట్టమున పీతలను, లాబ్‌స్టర్లను రక్షింపదగిన జంతువులుగా చేర్చినది. స్విట్జర్లండు 2018 మార్చి నుండి, ముందుగా స్పృహ తప్పింపక లాబ్‌స్టరును మరిగే నీటిలో వేయుటను నిషేధించినది. బ్రిటను 2022లో చేసిన చట్టమున వీనిని సుఖదుఃఖములు గల జీవులుగా గుర్తించినది.

ఈ వార్తలు చదివి, పరదేశములు మనకంటె ముందు నడచినవే అని నేను సిగ్గుపడబోతిని. తరువాత మన చట్టమును తెప్పించి చూచితిని. జంతువులపై క్రూరత్వమును నివారించుటకు భారత పార్లమెంటు 1960లోనే చట్టము చేసినది. అందు జంతువు అను పదమునకు ఇచ్చిన అర్థమేమి? మానవుడు తప్ప తక్కిన ఏ ప్రాణియైనను! ఆవు అనలేదు, వెన్నెముక గలది అనలేదు, ఎఱ్ఱ నెత్తురు గలది అనలేదు. ఆహారము కొరకు చంపుటకు ఆ చట్టము మినహాయింపు ఇచ్చినది. కాని అనవసరమైన బాధ కలిగించినచో ఆ మినహాయింపు వర్తింపదని కూడ చెప్పినది. మన శాసనకర్తలు లాబ్‌స్టరును తలచిరో లేదో గాని, వారు గీసిన గీతలో దానికి చోటున్నది. ఆ గీత చట్టమునకే పరిమితము కాదు. "ఈ బాధ అవసరమా?" అన్న ప్రశ్న ప్రతి వంటింటిలోను వినబడవలసినది.

ఇంతవరకు వచ్చిన పిదప, మా వానికి ఒక ఉపన్యాసము చెప్పి నా పని ముగిసినదనుకొందునేమో. కాని ఆ వారమే మా తమ్ముని కుమార్తె పెండ్లికి చీరల మాట వచ్చినది. మా మరదలు పెట్టె తెరచి తన పెండ్లినాటి పట్టుచీర పైకి తీసెను. ఎఱ్ఱని చీర, జరీ అంచు. అందరును చేతితో తడిమి మెచ్చుకొనిరి. నాకు మాత్రము ఒక వాసన జ్ఞాపకము వచ్చినది.

కొన్ని ఏండ్ల క్రిందట పిల్లలను విహారయాత్రకు తీసికొనిపోయినపుడు, త్రోవలో పట్టుదారము తీయు చోటొకటి చూచితిమి. పెద్ద పాత్రలలో నీరు మరుగుచుండెను. అందు తెల్లని పట్టుగూళ్ళు తేలుచుండెను. ఒక స్త్రీ వ్రేళ్ళతో దారపు కొన పట్టి లాగుచుండెను. ఒక్క గూటి నుండి వందల మీటర్ల పొడవున తెగని దారము వచ్చునని చెప్పినపుడు పిల్లలు చప్పట్లు కొట్టిరి. పురుగు తనంత తాను వెలికి వచ్చినచో గూడు చిల్లుపడి దారము తెగిపోవును. కనుక అది వెలికి రాకముందే లోపలనే ఉడికించి గాని, ఆవిరి పట్టి గాని చంపుదురు. ఒక చీరకు వేలాది గూళ్ళు కావలెను. ఆ గది అంతయు ఉడికిన పురుగుల వాసన. అప్పుడును నాకు కలిగినది రోతయే. బయటికి వచ్చి ముఖము కడుగుకొని, బస్సులో పిల్లలచేత పాటలు పాడించితిని.

మరిగే నీరు ఆ హోటలులో మాత్రమే లేదు. మా ఇంటి పెట్టెలో, మడతలు పెట్టి, కర్పూరపు ఉండలు వేసి దాచియున్నది. అది మాకు రోత పుట్టింపలేదు. ఏలయన అది అందముగా నున్నది, పురుగు కనబడదు. లాబ్‌స్టరు వికారముగా కనబడుటచే పాపము కనబడినది. పట్టు అందముగా కనబడుటచే పాపము కనబడలేదు. రోతను నమ్ముకొన్న ధర్మము ఇట్లే ఒక కంటితో చూచును.

ఈ మాట నాకే మొదట తోచినదని నేననుకొనుట లేదు. మన హైదరాబాదులోనే, చేనేత శాఖలో ఉద్యోగము చేసిన కుసుమ రాజయ్యగారు, పురుగును చంపక, అది రెక్కలు తొడిగి ఎగిరిపోయిన పిదప మిగిలిన గూళ్ళతో దారము వడికించు పద్ధతిని రూపొందించిరి. దానికి అహింసా పట్టు అని పేరు. 2006లో దానికి పేటెంటు లభించినది. ఆ దారమునకు మామూలు పట్టునకున్నంత మెరుపు లేదు, ధర ఎక్కువ. కాని ఒక ప్రభుత్వోద్యోగి తన కార్యాలయపు పనిలోనే దయకు త్రోవ వెదకుట నాకు కాయకమునకు మంచి ఉదాహరణముగా తోచినది.

ఇచ్చట కొందరు ఆక్షేపింతురు. "అట్లయినచో రోతకు ప్రయోజనమే లేదా? మన పిల్లలు ఇంతకాలము మాంసము ముట్టకుండ నిలిచినది ఆ రోత వలననే గదా?" అని. నిజమే. రోత ఒక కంచె వంటిది. చిన్ననాటి నుండి నాటుకొన్న కంచె చేనును కాచును. కాని కంచె చేను కాదు. లోపల దయ అను పంట లేనిచో, కంచె దేనిని కాచుచున్నది? ఒక్కొక్కప్పుడు కంచెయే చేను మేయును. ఆ వరండా చివర బాలుని విషయమున నా కంచె నా చేనునే మేసినది.

మరికొందరు, "ఆకులోను ప్రాణమున్నది, నీటిలోను ప్రాణమున్నది, ఏమి తినకుండ బ్రతుకగలము? కనుక అన్నియు ఒకటే" అందురు. ఇది చూచుటకు వేదాంతము వలె నుండును గాని, నిజమునకు సోమరితనము. పూర్తిగా హింస లేని బ్రతుకు లేదని అంగీకరించుట వేరు. కనుక ఎంత హింసయైనను సరియే అనుట వేరు. బట్ట ఎట్లును మాయునని దానిని బురదలో ముంచుదుమా? తగ్గింపగలిగినంత తగ్గించుట, తగ్గింపలేనిది తగ్గింపలేనని ఒప్పుకొనుట, ఈ రెండును చేయువానికే దయను గూర్చి మాటలాడు అధికారము కలదు.

ఇంకొక చిక్కు ప్రశ్న మిగిలినది. మా వాని పని కాయకమగునా? శ్రమించి, మోసము లేక సంపాదించుచున్నాడు. సంపాదనలో ఇంటికి పంచుచున్నాడు. కాని అందు ఒక జీవి బాధ కలిసియున్నది. కాదని నేను చెప్పజాలను, ఔననియు చెప్పజాలను. వాడు ఆ పని మానినచో నాకు సంతోషమే. కాని మానుమని ఆజ్ఞాపించుటకు ముందు, వాని జీతముతో కట్టిన చిట్టీ సొమ్ము పెండ్లి ఖర్చులలో కలుపుకొన్నవారము మేమే అని గుర్తుంచుకొనవలెను. చేయి వానిది, ఆ చేతి కూడు మా అందరిది.

నెల తరువాత వాడు మరల ఆదివారము ఇంటికి వచ్చెను. నేను తెలిసికొన్నదంతయు వాని ముందుంచితిని. నాడీగ్రంథులు గొలుసుగా నుండుటచే ఒక్క దెబ్బతో అది చావదని, ముందుగా స్పృహ తప్పించుట ధర్మమని కొన్ని దేశములు చట్టమే చేసినవని చెప్పితిని. వాడు చాలసేపు విని, "పెద్ద వంటాయనను అడిగిన పెద్దనాన్నా. రద్దీ ఉన్నప్పుడు అంత టైము ఉండదన్నడు. నా చేతికి వచ్చినవాటికి మాత్రం నువ్వు ఎట్ల చేసుకుంటవో చేసుకోమన్నడు" అనెను. అది గొప్ప విజయము కాదు. కాని ఒక వంటశాలలో ఒక ప్రశ్న పుట్టినది; దానిని పుట్టించినవాడు నేను పూజకు పనికిరాడన్న పిల్లవాడు.

అప్పుడు వాని మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పితిని. "ఆ రోజు నాకు పుట్టింది రోతే నాయనా. జాలి తర్వాత కలిగింది. నిన్ను పూజకు కూర్చోవద్దన్నది రోతతోనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్న" అంటిని. మా తల్లి ఏమియు మాటలాడక విభూతి గుండ తెచ్చి వాని నుదుట పెట్టెను. మరునాటి ఉదయము వాడు స్నానము చేసి, ఎడమ అరచేతిలో ఇష్టలింగము నుంచుకొని కూర్చుండెను. ఆ చేయి కొంచెము వణకుట చూచితిని. అరచేయి వణకకుండ లింగము పట్టుకొన్న నా చేతిని కూడ చూచుకొంటిని. ఏ చేయి ఎక్కువ శుద్ధమైనదో నేను చెప్పలేను.

పెండ్లికి మా తల్లి నాకు నూలు చీర చాలుననెను. మా మరదలు మాత్రము కూతురికి పట్టుచీరయే కొనెను. నేను వాదింపలేదు. వాదించి గెలుచుట సులభము. గెలిచినచో ఆమె వరండా చివర కూర్చుండును. అడిగినపుడు చూచినది చెప్పితిని, అంతే. ఆ చీర మడత విప్పినపుడు ఆమె ఒక్క నిమిషము ఆగి దారమును చూచుట నేను గమనించితిని.

శరణ బంధువులారా! మనము మాంసము ముట్టకుండుట మంచిది. దానిని విడువవలదు. కాని అది ముక్కు చెప్పుటచే ముట్టకుండుట గాక, మనసు చెప్పుటచే ముట్టకుండుట కావలెను. మన పిల్లలకు "ఛీ" అని నేర్పినచో వారు తినువానిని చూచి ఛీ అందురు. "అయ్యో" అని నేర్పినచో, వారు తినబడు దానిని చూతురు, తినువానిని కూడ చూతురు, తమ పెట్టెలోని చీరను కూడ చూతురు. మఠములలో పిల్లలకు ఆహార నియమములు బోధించు పెద్దలు ఈ భేదమును కూడ బోధింపవలెనని నా ప్రార్థన.

ఆ లాబ్‌స్టరు బొమ్మను మా వాడు నా ఫోనునకు కూడ పంపెను. తీసివేయలేదు. ఇప్పుడును చూచినపుడు మొదట ఒడలు జలదరించును. తరువాత కొంతసేపు చూచినచో, కాడలపై నిలిచిన ఆ కన్నులు ఏమియు అడుగకనే నన్ను అడుగుచున్నట్లుండును.

శరణు శరణార్థి.